ఎగిరిపోయే నూనె

పర్చూరు పక్కన ఒక ఊళ్ళో వదినా మరిదీ ఉన్నారు. ఆ ప్రాంతాన్ని 2022 నుంచి బాపట్ల జిల్లా అంటున్నారు గానీ ఊళ్ళో వాళ్ళ నోట ఇంకా ప్రకాశమే. వదిన రెండెకరాల మిర్చి, ఎకరం పత్తి ప్రకృతి వ్యవసాయంలో పండిస్తుంది, డ్వాక్రా సంఘంలో ఆడవాళ్ళకు కషాయాలు కాయడం నేర్పుతుంది. మరిది బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి, చిలకలూరిపేటలో పురుగుమందుల కొట్టు పెట్టుకున్నాడు. ఒకరంటే ఒకరికి గౌరవమే, ఒకరి మాటే ఇంకొకరికి పడదు. ఈమధ్య వదిన మనసు సుగంధ తైలాల మీదికి పోయింది. సంఘం తరఫున ఒక బట్టీ పెట్టి, నిమ్మగడ్డి నూనె తీసి, దానికి లవంగ నూనె, వాము నూనె కలిపి పైరు మీద కొట్టాలని ఆమె ఆలోచన. కల్లం దగ్గర కాయ ఏరుతుండగా మొదలైన వాదం ఇది. నాకు తోచింది మధ్యలో కుండలీకరణాల్లో చెబుతాను.

మరిది: వేపనూనె కొడతానంటే నేనెప్పుడైనా అడ్డం చెప్పానా వదినా? పదివేల పీపీఎం వేపమందు నా కొట్లోనే ఉంది. ఈ నిమ్మగడ్డి నూనె దగ్గరే నాకు మింగుడు పడటం లేదు.

వదిన: వేపనూనె నూనె అయితే ఇది నూనె కాదా?

మరిది: రెండూ రెండు జాతులు. వేపనూనె గానుగాడి తీసింది. చేతికంటితే జిడ్డు ఓ పట్టాన వదలదు. నిమ్మగడ్డి నూనె ఆవిరి పట్టి దించింది. కాగితం మీద చుక్క వేసి ఎండలో పెట్టండి, కాసేపటికి మరక కూడా ఉండదు. పైరు మీద కొట్టినా అంతే. మన ఎండకు, ఈ మైదానంలో వీచే గాలికి అది పూటయినా నిలుస్తుందా?

వదిన: పురుగు చచ్చేదాకా నిలిస్తే చాలదా? నెల్లాళ్ళు ఆకును పట్టుకుని ఉండే మందు మీ కంపెనీకి గొప్ప గానీ, ఆ కాయ తినేవాడికి కాదు.

మరిది: తామర పురుగు అంతా ఒక్కసారి బయటికొచ్చి వరసలో నిలబడితే మీ మాటే నిజం. గుడ్డు ఆకు కండలో పెడుతుంది. పిల్ల పురుగు ఆకు మడతలో, పువ్వు లోపల దాక్కుంటుంది. కోశదశ మట్టిలో గడుపుతుంది. ఇవాళ మీరు కొట్టింది ఇవాళ తగిలిన పురుగునే చంపుతుంది. ఎల్లుండి గుడ్డులోంచి వచ్చేదానికి అక్కడ వాసన కూడా మిగలదు.

వదిన: తగిలిన పురుగును చంపుతుందని ఒప్పుకున్నావు కదా.

మరిది: ఒప్పుకున్నాను. పురుగు నరాల్లో ఆక్టోపమైన్ అనే పదార్థం ఉంటుంది. నాలుగు కాళ్ళ జంతువుల్లో, మనలో దాని పాత్ర నామమాత్రం. లవంగ నూనెలోని యూజినాల్ దాన్నే తికమక పెడుతుంది. అందుకే మనకు హాని తక్కువగా ఉండి పురుగు గిలగిల్లాడుతుంది. వాము నూనెలోని థైమాల్ అయితే సూక్ష్మజీవి పొరకే చిల్లులు పొడుస్తుంది. శాస్త్రంతో నాకు తగువు లేదు. గాజు గిన్నెలో చచ్చిన పురుగు పొలంలోనూ చావాలిగా.

వదిన: అమెరికాలో లవంగ నూనె, నిమ్మగడ్డి నూనె, పుదీనా నూనె 1996 నుంచి రిజిస్ట్రేషన్ అక్కర్లేకుండానే పురుగుమందుగా అమ్ముకోవచ్చట. శిక్షణలో చెప్పారు.

మరిది: హాని తక్కువని వదిలేశారు. పని చేస్తుందని హామీ ఇవ్వలేదు. మన దగ్గర 1968 నాటి పురుగుమందుల చట్టం ఉంది. పురుగును చంపుతుందని చెప్పి అమ్మితే వాము నూనెకైనా రిజిస్ట్రేషన్ కావాలి. ఇంకో సంగతి కూడా వినండి. అదే అమెరికాలో సేంద్రియ రైతులు లవంగ నూనెను కలుపుమందుగా కొడతారు. కలుపును మాడ్చేసే నూనె మిర్చి పువ్వును ముద్దు చేస్తుందా? మోతాదు కాస్త ఎక్కువైతే ఆకు మాడుతుంది, తక్కువైతే పురుగు నవ్వుతుంది.

వదిన: మోతాదు తెలుసుకుని కొడతాం.

మరిది: సరే, లెక్క వేద్దాం. ముదురు తోటకు ఎకరానికి రెండొందల లీటర్ల నీళ్ళు కావాలి. నూటికి ఒక పాలు నూనె అన్నా రెండు లీటర్లు. టన్ను పచ్చి నిమ్మగడ్డికి దిగేది ఐదారు కిలోల నూనె. అంటే ఎకరం మిర్చికి ఒక్క తడవ కొట్టడానికి మూడు నాలుగొందల కిలోల గడ్డి ఉడకబెట్టాలి. పుల్లలెక్కడివి? నీళ్ళెక్కడివి? మీ వేపగింజల కషాయానికి వంద లీటర్లకు ఐదు కిలోల పప్పు చాలు. ఏరుకొచ్చుకునేదాన్ని వదిలి కొనుక్కునేదాని వెంట ఎందుకు పడతారు?

(వదిన ఇక్కడ కొంచెంసేపు మాట్లాడలేదు. తాలు కాయ ఒక పక్కకు, ఎర్ర కాయ ఒక పక్కకు వేస్తూ ఉండిపోయింది. ఆమె తగ్గిందని నేననుకున్నాను. తగ్గలేదు.)

వదిన: నీ కొట్లో లెక్కలు మాత్రం ఎప్పుడు సరిగ్గా ఉన్నాయి? 1987 నీకు తెలుసా?

మరిది: నాకు చిన్నతనం. నాన్న చెప్పేవాడు.

వదిన: నేను అప్పుడే పెళ్ళయి వచ్చాను. అంతకు ముందు రెండేళ్ళు తెల్లదోమ పత్తిని మసి చేసింది. ఆ ఏడు శనగపచ్చ పురుగు. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్, డెల్టామెత్రిన్ అని కొత్త మందులు 80ల మొదట్లో వచ్చాయి. మొదట్లో దేవుడిచ్చిన మందులే అన్నారు. ఆ ఏటికి పురుగు ఆ మందులోనే ఈదింది. రెండు రోజులకొకసారి కొట్టారు. రెండేసి మందులు, మూడేసి మందులు కలిపి కొట్టారు. కాయ నిలవలేదు, అప్పు నిలిచింది. గుంటూరులో, ప్రకాశంలో ఎంతమంది అదే డబ్బా ఎత్తి తాగారో లెక్క ఈ ఊళ్ళవాళ్ళ దగ్గరుంది. ఆ మందులు అమ్మినవాళ్ళ దగ్గర ఏ లెక్కా లేదు.

మరిది: నేను కాదనను. కానీ ఆ మందులు ఎక్కడ పుట్టాయో తెలుసా? చామంతి జాతి పువ్వు, పైరిత్రమ్. కెన్యా కొండల్లో ఇప్పటికీ పండిస్తారు. ఆ పూల పొడిలో పురుగును పడగొట్టే గుణముంది గానీ ఎండకు విరిగిపోతుంది. మీ నూనె లాగే. అది ఎండకు తట్టుకోవాలని ఆ అణువును మార్చి మార్చి పైరిత్రాయిడ్లు చేశారు. మొక్క నుంచే వచ్చిందని మురిసిపోవడానికి అక్కడ ఏముంది?

వదిన: ఎండకు విరగకుండా చేయడమే కదా మీ తప్పు! విరిగిపోయే గుణం పువ్వుకు ఊరికే రాలేదు.

మరిది: అయితే పొగాకు మాట చెప్పండి. ప్రకాశం పొగాకు. మీ అగ్నిఅస్త్రంలో పచ్చిమిరప, వెల్లుల్లి, పొగాకు, వేపాకు గోమూత్రంలో ఉడికిస్తారు కదా? పొగాకులోది నికోటిన్. దాని సల్ఫేటును పూర్వం పురుగుమందుగా వాడేవారు. మనుషులకు ప్రమాదమని మన దేశంలో 1992లో వాడకం ఆపేశారు. ఆ నికోటిన్ పోలికలోనే ఇమిడాక్లోప్రిడ్ లాంటివి పుట్టాయి. పొగాకు మొక్కే కదా? మీ సంఘంలో కషాయం కాచే ఆడవాళ్ళ చేతులకు తొడుగులున్నాయా?

వదిన: లేవు.

మరిది: ముక్కుకు గుడ్డ?

వదిన: మిరప ఘాటుకు కొంగు అడ్డం పెట్టుకుంటాం. సరే, తొడుగులు కొంటాం. ఆ మాట వరకు నీదే పైచేయి.

(నాకు ఈ చోట మరిది వాదనే గట్టిగా ఉన్నట్టు అనిపించింది. విషం ఫ్యాక్టరీలో పుట్టిందా, చెట్టులో పుట్టిందా అని పురుగు అడగదు, కాలేయమూ అడగదు. అయితే ఆ వెంటనే వదిన అన్నది నేను ఊహించలేదు.)

వదిన: ఇప్పుడు నా మాట విను. మందు ఎక్కడ పుట్టిందన్నది నా గొడవ కాదు. 1987లో ముంచింది ఒక్క మందు కాదయ్యా, ఒకే మందును పదే పదే కొట్టించిన పద్ధతి. విత్తనం అప్పిచ్చేది మందుల కొట్టు. మందు అప్పిచ్చేది అదే కొట్టు. తెగులేమిటో చెప్పేదీ ఆ కొట్టే. కొన్నిచోట్ల పంట కాటా వేసేదీ వాళ్ళే. రోగం పేరు చెప్పేవాడికి సీసా అమ్ముడుపోవాలి. ఇంక పురుగు ఎందుకు తగ్గుతుంది?

మరిది: నేను అవసరం లేని మందు అంటగట్టను.

వదిన: నిన్ననడం లేదు. నీ కుర్చీని అంటున్నాను.

మరిది: ఆ కుర్చీలో మీ సంఘం వాళ్ళు కూర్చుని నిమ్మగడ్డి నూనె అమ్మినా పద్ధతి అదే కదా?

వదిన: మేం అప్పు పెట్టం.

మరిది: ఇవాళ పెట్టరు.

(ఈ రెండు మాటల్లో ఉన్న బరువు ఇద్దరికీ తెలుసు. కాసేపు కల్లంలో కాయల చప్పుడే వినిపించింది.)

వదిన: 2021 సంగతి ఏమంటావు? నల్ల తామర పురుగు.

మరిది: అప్పుడు ఎవరూ గెలవలేదు వదినా. ఇండోనేషియా వైపు నుంచి వచ్చిన పురుగు. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట కనిపించింది. 2021 చివరికి మన మిర్చి పువ్వు నిండా అదే. పువ్వు రాలిపోతుంటే రైతులు పూటకో మందు కొట్టారు. నా కొట్టు ముందు జాతర. అమ్మాను, దాచడమెందుకు? పురుగు మాత్రం తగ్గలేదు. తోటలు పీకేసినవాళ్ళున్నారు. చివరికి శాస్త్రవేత్తలు చెప్పిందేమిటి? పూటకో మందు కొట్టొద్దు, నత్రజని తగ్గించండి, నీలం జిగురు అట్టలు పెట్టండి, వేపనూనె కొట్టండి, బవేరియా బూజు మందు వాడండి.

వదిన: అంటే నా మాటే.

మరిది: వేప వరకు మీ మాటే. మీ ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్ వాళ్ళు గుల్బెంకియన్ బహుమతి ఇచ్చారు, గుంటూరు ఆఫీసు పేరు ప్రపంచమంతా తిరిగింది. నాకూ గర్వమే. కానీ ఆ బహుమతి ఏ నూనె సీసాకూ రాలేదు. ఖమ్మం వైపు పునుకుల గుర్తుందా? ఇరవై ఏళ్ళ కిందటే పురుగుమందు మానేసిన ఊరు. వాళ్ళేం చేశారు? వేసవి దుక్కి లోతుగా దున్నారు, లింగాకర్షక బుట్టలు పెట్టారు, పిట్టలు వాలడానికి కర్రలు పాతారు, వేప వాడారు. సీసా కొని గెలవలేదు.

వదిన: సీసా అన్నావు కాబట్టి చెబుతాను. మొన్న ఒకాయన మా సంఘానికి సీసా తెచ్చాడు. నూటికి నూరుపాళ్ళు వనమూలికల తైలం అన్నాడు. ఒక మడిలో కొట్టి చూపించాడు. రెండు గంటలకల్లా తామర పురుగు రాలిపడింది.

మరిది: రెండు గంటలకా? సీసా మీద రిజిస్ట్రేషన్ నంబరుందా? లోపల ఏది ఎంత పాలుందో రాశారా?

వదిన: లక్ష్మీదేవి బొమ్మ ఉంది.

మరిది: అయిపోయింది. వేప వాసన, లవంగ వాసన పైపైన. లోపల నా కొట్లో ఉన్న రసాయనమే ఏదో ఒకటి, లేబుల్ లేకుండా. మన జిల్లాల్లో బయో పేరుతో అమ్మే సీసాల్లో అధికారులు నమూనాలు తీయించినప్పుడు ఎన్నిసార్లు రసాయన మందులు బయటపడలేదు? పైరుకు బలం అని అమ్మే బయో ఉత్ప్రేరకాలకు 2021 దాకా సరైన చట్టమే లేదు. ఆ ఏడు ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి తెచ్చారు. పురుగును చంపుతుందంటే అది ఇంకా వేరే చట్టం. నేను రసాయనం అమ్ముతాను, రసాయనమని చెప్పి అమ్ముతాను. ఎన్ని రోజులు ఆగి కాయ కోయాలో డబ్బా మీద ఉంటుంది. వాడు మీకు అదే అమ్మి పుణ్యం కూడా అమ్ముతున్నాడు.

వదిన: ఆ సీసా కొట్టిన కాయ పరీక్షకు పోతే?

మరిది: అవశేషాలు దొరుకుతాయి. మీ ప్రకృతి వ్యవసాయం పత్రం చించేస్తారు. మీరు చేయని తప్పుకు పదేళ్ళ పేరు పోతుంది.

(ఇక్కడ ఇద్దరూ ఒకే వైపున్నారు. పురుగుమందుల కొట్టువాడికీ ప్రకృతి రైతుకూ ఒకే శత్రువు ఉంటాడని పత్రికల్లో చదవలేదు. సహజం అనే మాటకు ధర పెరిగేకొద్దీ దాని వెనక దాక్కునేవాళ్ళు పెరుగుతారు. సుగంధ తైలానికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాసనే సాక్ష్యంగా చెల్లిపోతుంది.)

వదిన: ఇప్పుడు అసలు మాటకొస్తాను. పొద్దున్నుంచి ఎగిరిపోతుందని తిడుతున్నావు. మూత పెట్టిన చోట ఎక్కడికి ఎగురుతుంది?

మరిది: అర్థం కాలేదు.

వదిన: పొలంలో కొట్టొద్దు, ఒప్పుకున్నాను. పుల్లల లెక్క చూశాక నాకూ సరదా తీరింది. గోడౌన్ సంగతి చెప్పు.

మరిది: (నవ్వి) వదినా, ఇది మీరు ముందే ఆలోచించుకుని నన్ను ఇంతసేపు వాగనిచ్చారు.

వదిన: సమాధానం చెప్పు.

మరిది: మీ మాటలో పసుంది. తేనెటీగల పెట్టెలో వర్రోవా అనే నల్లి పడుతుంది. దానికి యూరప్‌లో వాము నూనెలోని థైమాల్‌నే పెట్టెలో పెడతారు. పెట్టె మూసి ఉంటుంది, ఆవిరి లోపలే తిరుగుతుంది, నల్లి రాలుతుంది. బంగాళదుంపలు మొలకెత్తకుండా వేసే క్లోర్‌ప్రొఫామ్‌ను యూరప్ వాళ్ళు 2020లో పూర్తిగా ఆపేశాక, నిల్వ గదుల్లో పుదీనా జాతి నూనెను పొగలా వదులుతున్నారు. బయలులో పనికిరాని గుణమే గదిలో పనికొస్తుంది. అది నిజం.

వదిన: గుంటూరు చుట్టూ వందకు పైగా కోల్డ్ స్టోరేజీలు. అన్నిట్లో మిర్చి బస్తాలే, టిక్కీల మీద టిక్కీలు.

మరిది: అక్కడ చలికే పురుగు కదలదు, నూనె ఎందుకు? పైగా లవంగ వాసన కొట్టే తేజా కాయను చైనావాడు కొంటాడా? మిర్చికి రంగుతో పాటు వాసనా ధరే. పొగాకు మండెల్లో అయితే ఇంకా నయం, మొదటి వాసనకే వేలంలో పక్కన పెట్టేస్తారు.

వదిన: విత్తనాల శనగలు ఎవరు వాసన చూస్తారు?

మరిది: ఏమిటీ?

వదిన: విత్తనం శనగలు. ప్రకాశంలో ఏటా దాచేవి. పుచ్చు పురుగు పట్టి గింజకు గింజ బోలైపోయేవి. ఎవరూ వండుకోరు, వాసన ఉన్నా మట్టిలోకే పోతుంది. డబ్బా మూసి ఉంటుంది. మా అమ్మ కందులకు, పెసలకు ఆముదం పట్టించి కుండలో పోసేది. ఆమె ఏ ఆక్టోపమైనూ చదవలేదు. కుండ మూతి మాత్రం మట్టితో మెత్తేది.

మరిది: (చాలాసేపటి తర్వాత) ఆముదం గింజ మీద పొరలా ఉండి గుడ్డు అంటనివ్వదు. అది వేరే పని. మీ నూనె ఆవిరి గింజ లోపలికి పోతుంది. ఆ ఆవిరి మొలకను కూడా చంపవచ్చు. కలుపును మాడ్చే నూనె అని చెప్పాను కదా. మోతాదు తప్పితే పురుగు లేని విత్తనం ఉంటుంది, మొలక లేని విత్తనం కూడా అదే.

వదిన: మొలక పరీక్ష నువ్వు చేయలేవా? బాపట్లలో చదివింది అందుకేగా?

మరిది: చేస్తాను. నూరు గింజలు నూనె పెట్టినవి, నూరు పెట్టనివి, తడి గుడ్డలో. దానికి డబ్బులక్కర్లేదు. కానీ మిర్చి మాట వదిలేశారేమిటి? బూజు సంగతి అడుగుతారనుకున్నాను. లవంగ నూనె కాయకు పట్టే పచ్చబూజును ఆపుతుందని ప్రయోగశాలల్లో ఎన్నో పరీక్షలయ్యాయి.

వదిన: అఫ్లటాక్సిన్ కదా. యూరప్‌వాడు కిలోకు ఎంతదాకా సరేనంటాడు?

మరిది: బి1 ఐదు మైక్రోగ్రాములు, అన్నీ కలిపి పది. గ్రాములో లక్షో వంతు దాటకూడదు. బూజు ఒకసారి ఆ విషం వదిలాక ఏ నూనే దాన్ని వెనక్కి తీయలేదు. బూజు పట్టకముందే ఆపాలి. దానికి నూనెకంటే ఎండ మేలు, టార్పాలిన్ మేలు. కాయలో తేమ నూటికి పది పదకొండుకు దిగితే బూజుకు తిండి లేదు.

వదిన: దిగుతుంది. మా కల్లంలో దిగుతుంది. ఆ తర్వాత టిక్కీ తొక్కేటప్పుడు కాయ విరక్కుండా నీళ్ళు చల్లేదెవరు?

మరిది: అందరూ.

వదిన: నేనూ చల్లాను. పొడి కాయ తొక్కితే ముక్కలవుతుంది. యార్డులో విరుగుడని ధర కోస్తారు. తడిపిన కాయకు బరువు కలుస్తుంది. బూజుకు నూనె అమ్ముతానని వచ్చే ఏ పెద్దమనిషీ ఆ చెంబు నీళ్ళ మాట ఎత్తడు.

మరిది: ఎత్తితే అమ్ముడుపోదు.

వదిన: కమిషన్ కొట్లో ఉన్న నీ స్నేహితుణ్ణి అడుగు. నీళ్ళు చల్లని టిక్కీలో విరుగుడు ఎంత వస్తుంది, దానికి క్వింటాలుకు ఎంత కోస్తారు, కాగితం మీద రాయించుకుని రా. శనగల మొలక లెక్క నాకు చెప్పేలోగా అది నాకు చెప్పు.